చదువుకే జీవితాన్ని వక్ఫ్ చేసిన మహనీయుడు – డాక్టర్ జాకిర్ హుస్సేన్

మన ఇళ్ళలో ఒక పిల్లవాడు చదువులో కాస్త ముందుకు వస్తే చాలు, వాణ్ణి పై చదువులకు విదేశాలకు పంపాలన్న ఆశ పెద్దలకు కలుగుతుంది. ఆశ మంచిదే. పొలం అమ్మో, నగలు కుదువబెట్టో, బంధువుల దగ్గర చేబదులు తీసుకునో పంపిస్తాము. అయితే అలా వెళ్ళిన వాడు అక్కడ నేర్చుకున్నది ఎవరికి పనికి రావాలి? ఈ ప్రశ్న మనలో చాలామందిమి వేసుకోము. ఎన్నో ఏళ్ళ క్రితం ఒక యువకుడు ఈ ప్రశ్న తనకు తానే వేసుకున్నాడు. మాటలతో కాదు, తన యావజ్జీవితంతో జవాబు చెప్పాడు. ఆయనే మర్హూం డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు. రాష్ట్రపతిగా ఆయన పేరు తెలియని వారుండరు. కాని రాష్ట్రపతి భవనానికి చేరకముందు ఆయన నడిచిన దారి మన పిల్లలకు అంతగా తెలియదు. ఆ దారిని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాము.

ఆయన మన హైదరాబాదులోనే 1897 ఫిబ్రవరి 8వ తేదీన జన్మించారు. పూర్వీకులది ఉత్తర ప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా, కాయంగంజ్. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు హైదరాబాదు వచ్చి వకీలుగా మంచి పేరు, సంపద గడించారు. ఏడుగురు కొడుకుల్లో జాకిర్ మూడవవాడు. కలిగిన కుటుంబమే, కాని ఆ కలిమి నీడ ఎంతో కాలం నిలువలేదు. 1907లో, పిల్లవాడికి పదేళ్ళ వయసులో, తండ్రి కన్నుమూశారు. తల్లి పిల్లల్ని వెంటబెట్టుకుని కాయంగంజ్‌కు తిరిగిపోయారు. 1911లో ప్లేగు వ్యాధి ఆ తల్లిని కూడా తీసుకుపోయింది. పద్నాలుగేళ్ళకే తల్లీ తండ్రీ లేని వాడయ్యాడు. ఇటావాలోని ఇస్లామియా హైస్కూలు వసతి గృహమే ఇల్లయింది, ఉపాధ్యాయులే పెద్దదిక్కయ్యారు. బడి అంటే పాఠాలు చెప్పే చోటు మాత్రమే కాదని, దిక్కులేని పిల్లవాడికి అది ఇల్లు కూడా కాగలదని ఆయన అనుభవం మీద తెలుసుకున్నారు. తరువాతి జీవితమంతా ఆ తెలివిడిలోంచే వచ్చిందంటే తప్పు లేదు.

అక్కణ్ణించి అలీగఢ్ కళాశాలలో చేరారు. మొదట వైద్యుడు కావాలనుకున్నారు గాని జబ్బుపడి ఆ మార్గం విడిచిపెట్టి, 1918లో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. ఆపైన ఎం.ఏ., న్యాయశాస్త్రం చదువుతూ ఉండగా 1920 అక్టోబరు వచ్చింది. గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థలను విడిచిపెట్టండని విద్యార్థులకు పిలుపునిచ్చారు. జాకిర్ గారి ముందు అప్పుడు రెండు దారులున్నాయి. చదువు పూర్తి చేసుకుంటే మంచి ఉద్యోగం, హోదా ఖాయం. విడిచిపెడితే రేపు ఏమవుతుందో తెలియదు. అప్పటికే పెళ్ళయిన మనిషి కూడాను. అయినా ఆయన విడిచిపెట్టడానికే సిద్ధమయ్యారు. కాని ఒక్క మాట ఇక్కడ గమనించాలి. ఆయన చదువును విడువలేదు, చదువు చెప్పే చోటును మాత్రమే విడిచారు. కళాశాల వదిలి వచ్చిన విద్యార్థులకు మన సొంత విద్యాలయం ఒకటి ఉండాలని హకీం అజ్మల్ ఖాన్ మొదలైన నాయకులను కోరిన వారిలో ఆయన ఒకరు. ఆ విధంగా 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా వెలసింది. మొదటి రోజుల్లో పాఠాలు డేరాల కిందనే సాగాయి.

రెండేళ్ళు అక్కడ పాఠాలు చెప్పి 1922లో ఆయన జర్మనీ బయలుదేరారు. ఆ రోజుల్లో మన దేశంలోని కలవారి పిల్లలందరూ ఇంగ్లండు పోయేవారు, బారిష్టరో, ఐ.సి.ఎస్. అధికారో అయి వచ్చేవారు. జాకిర్ గారు మాత్రం బెర్లిన్ విశ్వవిద్యాలయంలో చేరారు. సుప్రసిద్ధ ఆర్థికవేత్త వెర్నర్ సోంబార్ట్ దగ్గర పరిశోధన చేసి, బ్రిటిషు ఇండియాలోని వ్యవసాయ వ్యవస్థ మీద సిద్ధాంత వ్యాసం వ్రాసి 1926లో డాక్టరేటు పొందారు. పరాయి దేశంలో కూర్చుని ఆయన పరిశోధించింది మన రైతు బ్రతుకునే, చూశారా!

బెర్లిన్‌లో ఆయన పుస్తకాలకే అతుక్కుపోలేదు. పిల్లలకు చేతిపని ద్వారా చదువు నేర్పే కొత్త పద్ధతులను జర్మనీలో శ్రద్ధగా పరిశీలించారు. గాంధీజీ సందేశాన్ని గురించి జర్మన్ భాషలో 1924లో ఒక గ్రంథం వెలువరించడంలో పాలు పంచుకున్నారు. గాలిబ్ కవితా సంపుటాన్ని అందంగా అచ్చు వేయించాలన్న కోరికతో 1925లో బెర్లిన్‌లోని కావియానీ ముద్రణాలయంలో దాన్ని ముద్రింపజేశారు. కొన్ని పుటలకు తన చేతులతోనే అక్షరాలు కూర్చారట. అక్కడే ఆయనకు డాక్టర్ ఆబిద్ హుస్సేన్, ప్రొఫెసర్ ముహమ్మద్ ముజీబ్ వంటి స్నేహితులు దొరికారు.

ఇంతలో స్వదేశం నుంచి చెడ్డ వార్త వచ్చింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లబడింది. జామియాకు డబ్బు ఇచ్చే దిక్కు లేదు. సంస్థను మూసివేయడమే మేలని పెద్దలు ఆలోచిస్తున్నారు. ఆ సమయంలో బెర్లిన్‌లోని ఈ ముగ్గురు మిత్రులూ ఒక్కమాట మీద నిలబడ్డారు. తాము జామియాకు జీవితాలు అంకితం చేస్తామని, తాము వచ్చేదాకా మూయవద్దని కబురంపారు. 1925లో జామియా అలీగఢ్ నుంచి ఢిల్లీలోని కరోల్ బాగ్‌కు తరలింది. 1926లో ముగ్గురూ తిరిగి వచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళ జాకిర్ గారు షేఖుల్ జామియా, అనగా వైస్ ఛాన్సలర్, అయ్యారు. వైస్ ఛాన్సలర్ అంటే బంగళా, కారు అనుకునేరు! అద్దె ఇళ్ళలో నడుస్తున్న, అప్పుల్లో మునిగిన ఒక చిన్న విద్యాలయం అది.

1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ గారు గతించడంతో ఉన్న ఆధారం కూడా పోయింది. నెలల తరబడి ఉపాధ్యాయులకు జీతాలు లేవు. ఇక మూతపడక తప్పదని అందరూ అనుకుంటున్న 1928లో జాకిర్ గారూ, సహోపాధ్యాయులూ కలిసి ఒక ప్రతిజ్ఞ చేశారు. నెలకు నూటయాభై రూపాయలకు మించి జీతం తీసుకోకుండా ఇరవై ఏళ్ళ పాటు జామియా సేవ చేస్తామన్నదే ఆ ప్రతిజ్ఞ. బెర్లిన్ డాక్టరేటు పొందిన వ్యక్తికి ఆనాడు పెద్ద జీతంతో ఉద్యోగం దొరకడం కష్టమేమీ కాదు. ఆ ప్రతిజ్ఞ ఖరీదు ఆయన ఒక్కరే చెల్లించలేదు, భార్య షాజహాన్ బేగం గారూ, పిల్లలూ కూడా చెల్లించారు. నెలాఖరున వంటింట్లో డబ్బాలు ఖాళీ అయితే ఆ బాధ ఎట్లా ఉంటుందో మన తల్లులకు నేను చెప్పనక్కర లేదు. త్యాగం చేసిన మగవాళ్ళ పేర్లు చరిత్రలో ఉంటాయి. ఆ త్యాగంతో ఇల్లు గడిపిన ఆడవాళ్ళ పేర్లు ఎవరూ వ్రాయరు.

డబ్బు ఎక్కణ్ణించి తేవాలి? మహారాజుల గుమ్మాల దగ్గర కాచుకుని ఉండడం కంటె సామాన్యుల దగ్గరికి పోవడమే మంచిదని జామియా వారు గ్రహించారు. 'హమ్‌దర్దానే జామియా' అనే పేరుతో సానుభూతిపరుల సంఘం ఒకటి నెలకొల్పి, ఎవరు ఎంత చిన్న మొత్తం ఇచ్చినా పుచ్చుకున్నారు. రూపాయి రూపాయి చేరి సంస్థ నిలబడింది. పెద్ద దాత ఒక్కడు పోతే సంస్థ కూలుతుంది, చిన్న దాతలు వెయ్యిమంది ఉంటే పదిమంది పోయినా నిలుస్తుంది. సంఘాలు నడిపే మనవంటి వారందరూ కంఠస్థం చేయవలసిన పాఠమిది.

జాకిర్ గారు రాగానే చేసిన పనుల్లో ఒకటి, పగలంతా కష్టం చేసుకునే పెద్దవాళ్ళకు సాయంకాలం తరగతులు పెట్టడం. చదువుకునే వయసు దాటిపోయిందన్న మాటను ఆయన ఒప్పుకోలేదు. ఈ పనే పెరిగి పెద్దదై, 1938లో షఫీకుర్ రహ్మాన్ కిద్వాయీ గారి సారథ్యంలో 'ఇదారా తాలీమో తరక్కీ' అనే వయోజన విద్యా సంస్థ అయింది. అక్షరాలు నేర్పి ఊరుకోకుండా, కొత్తగా చదువు నేర్చిన పెద్దలు చదువుకోవడానికి తేలిక భాషలో చిన్న చిన్న పుస్తకాలు కూడా వారు అచ్చువేశారు. అక్షరం నేర్చినవాడికి ఆ తరువాత చదవడానికి ఏమీ లేకపోతే, నేర్చినది కూడా మరిచిపోతాడు కదా!

పిల్లల విషయంలో ఆయన పద్ధతి మరీ చక్కనిది. జామియా బడిలో పిల్లలే దుకాణం నడిపారు, పిల్లలే బ్యాంకు నడిపారు. 1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త భవనానికి పునాది రాయి వేయించినప్పుడు, ఏ మంత్రినో నవాబునో పిలవకుండా బడిలోని అందరికంటె చిన్న పిల్లవాడి చేత వేయించారు. పిల్లలు బూట్లు శుభ్రం చేసుకోకుండా వస్తున్నారని ఒకనాడు తానే బ్రష్షూ పాలిషూ పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరునాటి నుంచి వేరే చెప్పవలసిన పని లేకపోయిందట.

ఇంకొక సంగతి చెప్పుకుంటారు, అది వింటే కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఒకసారి ఆయన చిన్న పిల్లలకు మిఠాయిలు పంచుతున్నారు. నౌకరు వచ్చి ఆయన చిన్నారి కూతురు మరణించిందని చెవిలో చెప్పాడు. ఆయన ముఖం పాలిపోయింది, కాని చేయి ఆగలేదు. మిఠాయిలు పంచడం అయ్యాకనే ఇంటికి వెళ్ళారు. అంతమంది పిల్లల సంతోషాన్ని తన దుఃఖం కోసం పాడుచేయడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

విదేశీ చదువు ఒకవైపే నడిచే దారి కాదని కూడా జామియా చరిత్ర చెబుతుంది. బెర్లిన్‌లో పరిచయమైన గెర్డా ఫిలిప్స్‌బార్న్ అనే యూదు మహిళ, హిట్లరు రాజ్యం వచ్చే వేళ జర్మనీ విడిచి జామియాకు వచ్చారు. పిల్లలకు ఆమె ఆపాజాన్ అయ్యారు. యుద్ధకాలంలో జర్మనీ దేశస్థురాలని బ్రిటిషు ప్రభుత్వం ఆమెను నిర్బంధించింది. 1943లో ఆమె మరణిస్తే జామియా శ్మశానంలోనే ఖననం చేశారు. మన కుర్రవాళ్ళు ముగ్గురు బెర్లిన్‌లో మంచి మనుషులుగా మెలిగారు కాబట్టే, దిక్కులేని వేళ ఆమెకు మన దేశం గుర్తుకు వచ్చింది.

1937లో వార్ధా మహాసభ తరువాత చేతిపని కేంద్రంగా ప్రాథమిక విద్యా ప్రణాళిక తయారుచేసే సంఘానికి ఆయననే అధ్యక్షుణ్ణి చేశారు. 1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగితే నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాకత్ అలీ ఒకే వేదిక మీద కూర్చున్నారు. దేశమంతా మతకలహాలతో మండుతున్న రోజులు. ముందు ఈ మంటలార్పండి, ఎవరు అంటించారన్న విచారణ తరువాత చేసుకోవచ్చునని వారిని ఆయన వేడుకున్నారు. మంటలు ఆరలేదు. 1947 ఆగస్టులో ఆయనే జలంధర్ స్టేషనులో దుండగుల చేత చిక్కారు. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి ఆయన ప్రాణాలు కాపాడారు. కుటుంబం కూడా రెండు దేశాలకు చీలింది. జర్మనీలో డాక్టరేటు పొందిన తమ్ముడు మహమూద్ హుస్సేన్ పాకిస్తాను వెళ్ళారు. పారిస్‌లో డాక్టరేటు పొందిన మరో తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించారు. జాకిర్ గారు ఇక్కడే ఉన్నారు, ప్రాణం మీదికి వచ్చినా మనసు మార్చుకోలేదు.

1948లో, అందరూ అనుమానంగా చూస్తున్న అలీగఢ్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా వెళ్ళి 1956 వరకు దాన్ని నిలబెట్టారు. 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1963లో భారతరత్న వచ్చింది. 1967 ఎన్నికలో మన తెలుగువారే అయిన మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారి మీద గెలిచి రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న పదవిలో ఉండగానే పరమపదించారు. రాష్ట్రపతుల్లో పదవిలో ఉండగా మరణించిన మొదటివారు ఆయనే. ఎక్కడ ఖననం చేశారో తెలుసునా? తాను ఇరవై రెండేళ్ళు నడిపిన జామియా ఆవరణలోనే. ఒకప్పుడు మూసేద్దామనుకున్న ఆ సంస్థ 1988లో కేంద్ర విశ్వవిద్యాలయం అయింది.

ప్రియ సభ్యులారా! మన పిల్లల్ని తప్పక దూరదేశాలకు పంపుదాము. తిరిగి రమ్మని కాళ్ళకు బంధాలు వేయనక్కర లేదు. ఉన్నచోటినుంచే ఒక పిల్లవాడి ఫీజు కట్టినా అది తిరిగి రావడమే. కాని వెళ్ళేముందు ఒక్కసారి జాకిర్ సాహెబ్ కథ వినిపించి పంపుదాము. మన పేటలో సాయంకాలం గంటసేపు పెద్దలకు అక్షరాలు చెప్పడానికి ఒక గది, ఒక దీపం, ఒక పలక చాలు. అందుకు బెర్లిన్ డాక్టరేటు అక్కర లేదు. ఆయన మూయవద్దని కబురు పంపిన నాడు ఆయన చేతిలో డబ్బు లేదు, మాట ఒక్కటే ఉంది. ఆ మాట నిలబెట్టుకున్నారు గనుకనే ఈనాడు మనం ఆయన్ని తలుచుకుంటున్నాము.