సూరి భగవంతం

సూరి భగవంతం (1909 అక్టోబరు 14 - 1989 ఫిబ్రవరి 6) ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త, విద్యావేత్త. కాంతి పరిక్షేపణం, స్ఫటికాల సౌష్ఠవం ఈయన ముఖ్య పరిశోధనా విషయాలు. రామన్ ఫలితాన్ని అణువుల నిర్మాణం తెలుసుకొనే సాధనంగా తీర్చిదిద్దినవారిలో ఈయన ఒకడు.

బాల్యం, విద్య

భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించాడు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో పట్టభద్రుడై, మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఎం.ఎస్సీ. పట్టా పొందాడు. 1928లో కలకత్తా చేరి సర్ సి.వి.రామన్ వద్ద పరిశోధన ప్రారంభించాడు. రామన్ ఫలితం వెలుగు చూసినది ఆ సంవత్సరమే.

కాంతి పరిశోధనలు

ఒకే రంగు గల కాంతి పారదర్శక పదార్థం గుండా పోయేటప్పుడు కొంత భాగం నలుదిక్కులకూ చెదురుతుంది. ఇదే పరిక్షేపణం. చెదిరిన కాంతిలో అధిక భాగం పౌనఃపున్యం మారదు. అత్యల్ప భాగం మాత్రం అణువులతో శక్తిని ఇచ్చి పుచ్చుకొని, మారిన పౌనఃపున్యంతో వెలువడుతుంది. ఇదే రామన్ ఫలితం. వర్ణపటంలో కనిపించే ఈ కొత్త రేఖలు ఏ అణువుకు ఆ అణువుకే ప్రత్యేకం.

కాంతి కణమైన ఫోటాన్‌కు శక్తితో పాటు ఆత్మభ్రమణం (స్పిన్) కూడా ఉన్నదా అనేది అప్పటి ముఖ్యమైన ప్రశ్న. రామన్, భగవంతం వాయువులలో పరిక్షేపణం చెందిన కాంతి ధ్రువణాన్ని కొలిచి, ఫోటాన్‌కు ఒక యూనిట్ స్పిన్ ఉన్నదని 1931లో ప్రకటించారు. వృత్త ధ్రువిత కాంతి వస్తువును తిప్పగలదని 1936లో అమెరికాలో బెత్ ప్రత్యక్షంగా కొలిచి చూపాడు. రామన్ బృందం ఫలితం అంతకు అయిదేళ్ళు ముందుది.

వజ్రం - సౌష్ఠవం

1930 ప్రాంతంలో భగవంతం వజ్రపు రామన్ వర్ణపటాన్ని పరిశీలించాడు. అందులో సెంటీమీటరుకు 1332 తరంగసంఖ్య వద్ద ఒకే ఒక ప్రబలమైన రేఖ కనిపిస్తుంది. వజ్రంలో కార్బన్ పరమాణువుల అమరికకున్న ఉన్నత సౌష్ఠవమే ఇందుకు కారణం. పంజాగుట్ట నగల దుకాణంలో మెరిసే రాయి వజ్రమో, గాజో, జిర్కానో ఈ రేఖ తేల్చగలదు. అయితే ప్రయోగశాలలో పెంచిన వజ్రం కూడా ఇదే రేఖను చూపుతుంది. కనుక గనిలో దొరికినదేనా అన్నది దీని వలన మాత్రమే తేలదు.

ఏ కంపనం రామన్ వర్ణపటంలో కనిపిస్తుందో, ఏది కనిపించదో సౌష్ఠవాన్ని బట్టి ముందే లెక్కించవచ్చు. ఉదాహరణకు బొగ్గుపులుసు వాయువు అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువులూ ఒకేసారి దూరంగా జరిగి దగ్గరయ్యే కంపనం రామన్ వర్ణపటంలో కనిపిస్తుంది, పరారుణ వర్ణపటంలో కనిపించదు. గణితంలోని సమూహ సిద్ధాంతంతో ఇటువంటి లెక్కలను స్ఫటికాలకు వర్తింపజేసే పద్ధతిని భగవంతం, టి.వెంకటరాయుడు 1939లో ప్రచురించారు. అంతవరకు ఫోటోగ్రాఫు పలకపై గీతలుగా ఉన్న వాటిని క్రమబద్ధంగా చదవడానికి ఇది తోడ్పడింది.

పదవులు

1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడ భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1952-57 మధ్య ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, 1957-62 మధ్య బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకునిగా పనిచేశాడు. 1961 నుండి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. ఆ కాలంలోనే, 1963లో, హైదరాబాదులో రక్షణ లోహశాస్త్ర పరిశోధనాలయం (డి.ఎం.ఆర్.ఎల్.) ఏర్పడింది. సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాలకు ఆంగ్ల అనువాదకునిగా కూడా ఈయన సుపరిచితుడు.

రచనలు

కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితంపై ఈయన ఆంగ్ల గ్రంథం 1940లో వెలువడింది. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతంపై వ్రాసిన గ్రంథం 1948లో, స్ఫటిక సౌష్ఠవంపై వ్రాసినది 1966లో వెలువడ్డాయి. పరిపాలనా బాధ్యతల నడుమ కూడా ఈయన స్ఫటికశాస్త్రాన్ని విడువలేదనడానికి చివరి గ్రంథమే నిదర్శనం.