శారదమ్మ పవిత్రం చేసిన రెండు చోట్లు: గంగ ఒడ్డున మఠం, బాగ్‌బజార్‌లో బడి

ఈ వారం వీడియోలో బేలూరు మఠం చూశాం. (కర్ణాటక బేలూరు కాదండీ, కలకత్తా పక్కన గంగ ఒడ్డున ఉన్నది.) గుడి, ఘాట్, సాయంత్రం హారతి, వీటితోనే వీడియో అయిపోయింది. శారదా దేవి గురించి రెండు ముక్కలే చెప్పగలిగాను. అక్కడ పట్టని కథంతా ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ జీవితం మొత్తం రాయాలంటే పుస్తకమే అవుతుంది. అందుకని 1898 నవంబర్ 12, 13 తేదీల చుట్టూ తిరుగుతాను. ఆ రెండు రోజుల్లో ఆవిడ రెండు చోట్లకు ప్రతిష్ఠ చేశారు. ఒకటి సన్యాసుల మఠం, ఇంకొకటి ఆడపిల్లల బడి. రెండూ అంతకుముందు మామూలు పాత కట్టడాలే.

మొదట ఆవిడ ఎవరో చూద్దాం. 1853 డిసెంబర్ 22న బెంగాల్‌లోని జయరాంబాటి అనే పల్లెలో పుట్టారు. పేద బ్రాహ్మణ కుటుంబం. ఐదేళ్లు నిండాక, 1859లో, రామకృష్ణులతో పెళ్లయింది. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. ఆ రోజుల్లో అది మామూలే, కాపురానికి పంపేది పెద్దయ్యాకే. ఈలోపు దక్షిణేశ్వరం నుంచి పల్లెకు పుకార్లు వచ్చాయి, అల్లుడికి పిచ్చి పట్టిందని. పద్దెనిమిదేళ్ల శారద అవి వింటూ కూర్చోలేదు. 1872లో తండ్రితో కలిసి కలకత్తాకు నడిచి బయల్దేరింది. దారిలో తీవ్రంగా జ్వరం వచ్చింది, అయినా వెనక్కి తిరగలేదు. వెళ్లి చూస్తే ఆయనకు పిచ్చీ లేదు, ఏమీ లేదు. చాలా ప్రేమగా చూసుకున్నారు.

తర్వాత ఒక ఫలహారిణీ కాళీపూజ రాత్రి రామకృష్ణులు ఆమెను పీటమీద కూర్చోబెట్టి, షోడశీ దేవిగా ఆవాహన చేసి పూజించారు. తన జపమాలతో సహా అన్నేళ్ల సాధన ఫలితమంతా ఆమె పాదాల దగ్గర పెట్టేశారు. మనం రాతి విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ చేస్తాం. ఆయన కట్టుకున్న భార్యకే ఆ పూజ చేశారు. ఇది తెలిస్తే తర్వాతి కథ ఇంకోలా అర్థమవుతుంది.

అంత పూజ అందుకున్న మనిషి ఎక్కడ ఉండేవారో తెలుసా? నహబత్ అనే సన్నాయి మేళం వాళ్ల మండపంలో, కింది గదిలో. ఎనిమిది మూలల చిన్న గది. మన అపార్ట్‌మెంట్లలో స్టోర్ రూమ్ అంత అనుకోండి. అందులోనే వంట, సామాను, నిద్ర, జపం, వచ్చిన ఆడవాళ్లకు చోటు. తలుపు చాలా చిన్నది, మొదట్లో తల తగిలించుకుంటూ ఉండేవారట. తెల్లవారుజామున మూడింటికే లేచి, ఎవరూ చూడకముందే గంగలో స్నానం చేసి వచ్చేసేవారు. సంవత్సరాల తరబడి ఇలాగే గడిచింది.

చదువు సంగతి మాత్రం నాకు కొంచెం కోపం తెప్పిస్తుంది. కామార్పుకూర్‌లో ఉన్నప్పుడు ఆవిడ ఒక బాలశిక్షలాంటి పుస్తకం పట్టుకుని అక్షరాలు నేర్చుకుంటుంటే, రామకృష్ణుల మేనల్లుడు హృదయ్ దాన్ని చేతిలోంచి లాగేసుకున్నాడు. ఆడవాళ్లు చదువుకుంటే చివరికి నవలలు చదువుతారని అతని భయం. ఆ ఇంట్లోనే లక్ష్మి అనే చిన్నపిల్ల ఉండేది, రామకృష్ణుల అన్నగారి కూతురు. ఆ పిల్ల పాఠశాలకు వెళ్లి నేర్చుకొచ్చి ఈవిడకు రహస్యంగా చెప్పేది. మిగతాది దక్షిణేశ్వరంలో, గంగ స్నానానికి వచ్చే ఇంకో అమ్మాయి నేర్పింది. ఫీజుగా గుడి తోట నుంచి వచ్చిన కూరలూ ఆకులూ ఇచ్చేవారు. అలా రామాయణం చదువుకునేంత వచ్చింది. రాయడం మాత్రం చివరిదాకా రాలేదు.

1886 ఆగస్టు 16న రామకృష్ణులు వెళ్లిపోయారు. గుడి వాళ్లు నెలకు ఇచ్చే ఏడు రూపాయలు ఆగిపోయాయి. కామార్పుకూర్‌లో ఒంటరిగా ఉండి, తనే నేల తవ్వి ఆకుకూర వేసుకుని, అన్నంలోకి ఒక్కోసారి ఉప్పు కూడా లేకుండా తిన్నారు. శిష్యులకు ఈ విషయం చాలా రోజులు తెలియలేదు. ఎవరినీ అడగకూడదని భర్త చెప్పిన మాట ఆవిడ అంత గట్టిగా పట్టుకున్నారు. చేతి కడియాలు తియ్యలేదు, సన్న అంచు చీర మానలేదు. భర్త పోయినట్టు ఆవిడ అనుకోలేదు, ఆయన ఇంకో గదిలోకి వెళ్లారనే నమ్మారు. ఊళ్లో వాళ్లు నోటికొచ్చినట్టు అనేవారు.

ఇక శిష్యులేమో పాడుబడిన ఇళ్లలో తలదాచుకుంటూ, కొందరు కాలినడకన దేశం తిరుగుతూ ఉన్నారు. 1890లో అమ్మ బోధ్ గయ వెళ్లారు. అక్కడి మఠం, దాని సంపద, సాధువులకు లోటు లేని తిండీ గూడూ చూసి ఏడ్చేశారు. తన పిల్లలకు కూడా తల పెట్టుకునే చోటు ఒకటి ఇవ్వమని ఠాకూర్‌ని వేడుకున్నారు. బేలూరు మఠం ఆ కన్నీళ్లలోంచి పుట్టిందని రామకృష్ణ మఠం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఎనిమిదేళ్లకు చోటు దొరికింది. 1898 మార్చిలో గంగ పడమటి ఒడ్డున సుమారు ఏడు ఎకరాల స్థలం 39,000 రూపాయలకు కొన్నారు. ఆ డబ్బులో ఎక్కువ భాగం హెన్రియెట్టా ముల్లర్ అనే ఇంగ్లీషు భక్తురాలు ఇచ్చింది. చూడటానికి అది గొప్ప స్థలం కాదు. ఒకప్పుడు పడవలు బాగుచేసే చోటు, అంతా గోతులూ దిబ్బలూ, ఒక పాత ఇల్లు. గోతులు పూడ్చి, ఆ ఇంటిని బాగుచేసి పై అంతస్తు వేసి, పూజగది కట్టే పని విజ్ఞానానంద స్వామి చూసుకున్నారు. సన్యాసంలోకి రాకముందు ఆయన ప్రభుత్వంలో ఇంజనీరు. కట్టడానికి చాలా సొమ్ము సారా బుల్ అనే అమెరికన్ భక్తురాలు ఇచ్చింది.

ఇక్కడ ఒక మాట. సముద్రం దాటి వచ్చిన ఈ స్త్రీలను కలకత్తా ఆచారపరులు ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. ఆ మార్చిలోనే, 17వ తేదీన, సారా బుల్, జోసఫీన్ మెక్లౌడ్, మార్గరెట్ నోబుల్ ముగ్గురూ అమ్మను చూడటానికి వెళ్లారు. మార్గరెట్ అంటే తర్వాతి సిస్టర్ నివేదిత, ఐర్లండ్‌కు చెందిన క్రైస్తవ మతబోధకుడి కూతురు. వివేకానందులకు లోపల బెరుగ్గానే ఉంది. పల్లెటూరి బ్రాహ్మణ వితంతువు, వీళ్లను ఎలా చూస్తారో అని. అమ్మ వాళ్లను కూతుళ్లని పిలిచి, వాళ్లతో కూర్చుని తిన్నారు. స్వామీజీ ఆ ఆనందం పట్టలేక తోటి సన్యాసికి ఉత్తరం కూడా రాశారు. ఎవరి డబ్బుతో మఠం లేస్తోందో వాళ్లను గుమ్మం బయట నిలబెట్టి ఉంటే ఆ మఠం ఎలాంటిదయ్యేదో ఆలోచించండి.

నవంబర్ 12, శనివారం, కాళీపూజకు ముందు రోజు అమ్మ కొత్త స్థలానికి వచ్చారు. తను రోజూ పూజించుకునే రామకృష్ణుల పటాన్ని వెంట తెచ్చుకున్నారు. తనే ఏర్పాట్లు చేసుకుని, ఆ పటాన్ని అక్కడ పెట్టి పూజ చేశారు. అంతే. యాగశాల లేదు, శిలాఫలకం లేదు. చుట్టూ తిరిగి చూసి సంతోషించారు. పిల్లలు ఇక ఇంటికోసం తిరగక్కర్లేదు.

పెద్ద ప్రతిష్ఠ డిసెంబర్ 9న జరిగింది. వివేకానందులు రామకృష్ణుల అస్థికలున్న పాత్రను కుడి భుజం మీద పెట్టుకుని, అద్దెకున్న నీలాంబర్ ముఖర్జీ తోట ఇంటి నుంచి నడిచి వచ్చి ఇక్కడ దించారు. చరిత్ర పుస్తకాలు ఆ రోజునే ప్రముఖంగా రాస్తాయి, అందులో తప్పేం లేదు. నాకు మాత్రం దానికి నెల ముందు జరిగిన ఆ చిన్న పూజే ముందు గుర్తొస్తుంది.

మర్నాడు నవంబర్ 13, ఆదివారం, కాళీపూజ. బాగ్‌బజార్‌లో 16 నంబర్ బోస్‌పాడా లేన్. సన్న సందులో ఒక పాత ఇల్లు, నివేదిత అద్దెకు తీసుకుంది. ఆడపిల్లల బడి పెట్టాలి. కానీ పిల్లల్ని ఎవరు పంపుతారు? తెల్లదొరసాని దగ్గరికి పంపితే మతం మార్చేస్తుందని కొందరి భయం, చదివితే పెళ్లి కాదని ఇంకొందరి భయం. అంతకుముందు భక్తుల్ని పిలిచి ఒక మీటింగ్ పెట్టింది. వివేకానందులు చప్పుడు చెయ్యకుండా వెనక వచ్చి కూర్చున్నారు. మీ పిల్లల్ని ఇస్తామని చెప్పండయ్యా అంటూ పక్కవాళ్లను పొడుస్తూ, ఎవరూ కదలకపోతే, ఒకాయన తన కూతుర్ని ఇస్తున్నాడని ఆయన తరఫున తనే ప్రకటించేశారు! నివేదిత చప్పట్లు కొట్టిందట.

ఇలాంటి బడికి అమ్మ స్వయంగా వచ్చి పూజ చేశారు. వివేకానందులు, బ్రహ్మానందులు, శారదానందులు పక్కనే ఉన్నారు. జగన్మాత దయ ఈ బడి మీద ఉండాలని, ఇక్కడ చదివిన పిల్లలు ఆదర్శంగా ఎదగాలని మెల్లగా ఆశీర్వదించారు. గొంతు ఎంత చిన్నదంటే పక్కనున్న ఒకామె ఆ మాటల్ని అందరికీ వినపడేలా చెప్పాల్సి వచ్చింది. ఒకప్పుడు చేతిలోంచి పుస్తకం లాగేసుకుంటే ఊరుకున్న మనిషి, రాయడం రాని మనిషి. ఆ ఆశీర్వాదం కంటే పెద్ద శుభం తను ఊహించలేనని నివేదిత తర్వాత రాసుకుంది.

ఆ వీధిలో అమ్మ మాటకున్న బరువు మనకు ఇప్పుడు తెలియదు. ఆవిడ అడుగుపెట్టిన ఇంటికి పిల్లను పంపడానికి తల్లులకు ఒక ధైర్యం వచ్చింది. అయినా బడి తేలిగ్గా నడవలేదు. డబ్బు చాలక 1899లో మూసేసి నివేదిత విరాళాల కోసం విదేశాలకు వెళ్లింది. తిరిగొచ్చాక మళ్లీ తెరిచింది, సిస్టర్ క్రిస్టీన్ వచ్చి తోడైంది. అమ్మ మాత్రం ఎప్పుడూ ఆ బడి పక్షమే. ఒక తల్లి వచ్చి కూతుళ్లకు పెళ్లి కావట్లేదని దిగులు పడితే, పెళ్లి సంగతి వదిలి నివేదిత బడిలో వెయ్యమన్నారు. అక్కడ మద్రాసు నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలు ఇరవై దాటినా పెళ్లి లేకుండా చక్కగా చదువుకుంటున్నారని ఉదాహరణ చెప్పారు.

ఇంకోటి చెప్పాలి. తను పెంచిన మేనకోడలు రాధును అమ్మ ఇంటి దగ్గరున్న క్రైస్తవ మిషనరీ బడికి పంపారు. పిల్ల పెద్దదైంది, ఇక బడి ఎందుకని గోలాప్ మా అడ్డు చెబితే, నాలుగు పనులు నేర్చుకుంటే పదిమందికి మేలు చేస్తుంది, వెళ్లనీ అన్నారు. ఒక ఈస్టర్ రోజు నివేదిత ఇంటికి వెళ్లినప్పుడు, వాళ్ల పూజగది చూసి, ఈస్టర్ అంటే ఏమిటో చెప్పించుకుని, చిన్న ఆర్గన్ మీద క్రీస్తు పునరుత్థానం పాటలు వాయిస్తుంటే లీనమై విన్నారు. భాష రాదు, ఆ సంగీతం కొత్త. కానీ దేవుడి పాటని గుర్తుపట్టడానికి ఆవిడకు భాష అడ్డు రాలేదు. వేరే మతం వాళ్ల గుడినీ బడినీ చూసి ఇప్పుడు మనలో కొందరు ముఖం చిట్లిస్తుంటారు, వాళ్లకు ఈ పేరా పంపండి.

1911లో రామేశ్వర యాత్ర చేసుకుని తిరిగి వెళ్తూ మన రాజమండ్రిలో ఒకరోజు ఆగి గోదావరి స్నానం చేశారు. గోదావరి జిల్లాల వాళ్లు ఇది గర్వంగా చెప్పుకోవచ్చు. ఆ అక్టోబర్ 13న డార్జిలింగ్‌లో నివేదిత చనిపోయింది. ఆమె ఇచ్చిన పట్టు దుప్పటి ఒకటి చీలికలు పేలికలైనా అమ్మ పారెయ్యనివ్వలేదు. పురుగు పట్టకుండా నల్లజీలకర్ర వేసి మడతపెట్టి దాచుకున్నారు. చూస్తే ఆ పిల్ల గుర్తొస్తుందని.

1920 జూలై 20న బాగ్‌బజార్‌లోని ఉద్బోధన్ ఇంట్లో అమ్మ దేహం వదిలారు. మర్నాడు బేలూరు మఠంలో, గంగ ఒడ్డున దహనం చేశారు. ఆ చోటే 1921 డిసెంబర్ 21న ఆవిడ గుడి ప్రతిష్ఠించారు. మఠం వెళ్తే గమనించండి, ఆ ఒడ్డు వెంబడి అమ్మ గుడి ఒక్కటే నదికి ఎదురుగా, తూర్పు ముఖంగా ఉంటుంది. ఆవిడకు గంగంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం, అందుకే చూసుకుంటూ ఉండమని అలా కట్టారు.

కలకత్తా వెళ్లేవాళ్లు చాలామంది బేలూరు, దక్షిణేశ్వరం చూసి వచ్చేస్తారు. ఒక పూట ఎక్కువ పెట్టుకుని నది దాటి బాగ్‌బజార్ కూడా వెళ్లండి. ఉద్బోధన్ ఇల్లు అక్కడే, నివేదిత ఉన్న బోస్‌పాడా లేన్ దగ్గర్లోనే. బడి తర్వాత ఇంకో చోటికి మారింది, కానీ ఆగలేదు. శారదా మిషన్ ఆధ్వర్యంలో నివేదిత పేరుతోనే నడుస్తోంది, ఆడపిల్లలు చదువుకుంటున్నారు.

జై మా!