అంకెలకు ఆచార్యుడు అల్ ఖ్వారిజ్మీ

ఉర్దూ లిపి కుడి నుండి ఎడమకు సాగుతుంది. తెలుగు లిపి ఎడమ నుండి కుడికి. ఈ రెండు భాషలను పక్కపక్కనే చదువుకొనే మన విద్యార్థులకు ఇది కొత్త విషయము కాదు. అయితే ఉర్దూ పుటలో ఒక సంవత్సరమో, ఒక ధరయో కనిపించినప్పుడు కాస్త నిదానించి చూడండి. అక్షరములు కుడి నుండి వచ్చినా, అంకెలలో వేల స్థానము ఎడమ వైపుననే, ఒకట్ల స్థానము కుడి చివరనే ఉంటాయి. తెలుగులో వ్రాసినా అంతే. ఆ లెక్క మన దేశములో పుట్టి, తన వరుస మార్చుకొనకుండానే అరబ్బీ పుటలోనికి ప్రవేశించినది. ఆ ప్రవేశమునకు ద్వారము తెరచిన వారిలో ప్రముఖుడు ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

ఆయన జీవితమును గురించి మనకు తెలిసినది స్వల్పము. క్రీ.శ. 780 ప్రాంతమున జన్మించి, 850 ప్రాంతమున మరణించినట్లు చరిత్రకారులు అంచనా వేస్తారు. ఆయన పేరును బట్టి వంశము ఆరల్ సముద్రమునకు దక్షిణమున ఉన్న ఖ్వారిజ్మ్ సీమకు చెందినదని తెలుస్తుంది. జీవితము గడచినది మాత్రము బాగ్దాదులో. 762లో నిర్మాణము ప్రారంభమైన ఆ నగరము ఆయన నాటికి ఇంకా కొత్తదే. 813 నుండి 833 వరకు పాలించిన ఖలీఫా మామూన్ ప్రాపున అక్కడి బైతుల్ హిక్మా, అనగా విజ్ఞాన మందిరము, వర్ధిల్లినది. గ్రీకు, సంస్కృత, పారశీక గ్రంథముల విజ్ఞానము ఆనాడు బాగ్దాదులో అరబ్బీలోనికి వస్తూ ఉండేది. 1917లో హైదరాబాదున నెలకొల్పిన దారుల్ తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు శాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చిన సంగతి ఎరిగిన వారికి ఈ చిత్రమును ఊహించుకొనుట కష్టము కాదు.

అప్పటికి అరబ్బులకు లెక్కలు రావని అనుకొనరాదు. వర్తకులు వ్రేళ్ళ మీద చాల పెద్ద లెక్కలే చేసేవారు. జ్యోతిష్కులు అబ్జద్ పద్ధతిలో అక్షరములకే విలువలు కట్టి అరువది చొప్పున గణించేవారు. ఆ అబ్జద్ విలువలతోనే ఉర్దూ కవులు తారీఖులు కూర్చుట మన పాఠకులకు తెలిసినదే. భారతీయుల తొమ్మిది అంకెల కీర్తి కూడ అంతకుముందే ఆ దిక్కుకు పాకినది. 662లో సిరియా దేశపు క్రైస్తవ పండితుడు సెవెరస్ సెబోఖ్త్ వాటిని ప్రశంసించాడు. బ్రహ్మగుప్తుడు 628లో బ్రహ్మస్ఫుట సిద్ధాంతమును రచించి, సున్నతో కూడికకు, తీసివేతకు నియమములు చెప్పి ఉన్నాడు. 770 తరువాత భారతీయ ఖగోళ గ్రంథము ఒకటి బాగ్దాదు చేరి అరబ్బీలో అనువాదమైనది. కాని అది పండితుల గ్రంథము. సామాన్యుడు కూర్చొని నేర్చుకొనుటకు తగిన పాఠ్యపుస్తకము లేదు.

ఆ లోటును తీర్చినది అల్ ఖ్వారిజ్మీ. హిందువుల గణనమును గురించి ఆయన రచించిన చిన్న గ్రంథము ఎంతో సరళమైనది. తొమ్మిది అంకెలు, ఒక చిన్న వలయము. వీటితో ఎంతటి సంఖ్యనైనను ఎట్లు వ్రాయవలెనో చెప్పి, కూడిక, తీసివేత, రెట్టింపు, సగము చేయుట, గుణకారము, భాగహారము, భిన్నములు, వర్గమూలము అనే క్రమములో ఆయన పాఠము నడుపుతాడు. తీసివేతలో ఏమియు మిగలకున్న చోట వలయమును ఉంచవలెనని, లేనిచో ఆ స్థానము ఖాళీయై పక్కనున్న అంకె దాని విలువగా పొరబడతారని ప్రత్యేకముగా హెచ్చరిస్తాడు. పాఠము చెప్పిన అనుభవము గలవాడు మాత్రమే చేయగల హెచ్చరిక ఇది. ఆ శూన్యమునకు అరబ్బీలో సిఫ్ర్ అని పేరు వచ్చినది; ఉర్దూ తరగతిలో మనము వినే సిఫర్ అదే. ఆంగ్లములోని జీరో, సైఫర్ అనే మాటలు రెండును దాని సంతతియే.

రోమన్ అంకెలతో 48ని 27తో గుణించుటకు ప్రయత్నించి చూడండి. స్థాన విలువ ఎంతటి వరమో అప్పుడు తెలుస్తుంది.

ఆయన పేరు నిలిపిన రెండవ గ్రంథము అల్ జబ్ర్ వల్ ముఖాబలా. జబ్ర్ అనగా విరిగిన దానిని సరిచేసి అతుకుట. సమీకరణములో ఒక వైపు తీసివేయబడిన రాశిని రెండు వైపుల కలిపి పూరించుట జబ్ర్. రెండు వైపుల ఉన్న సజాతీయ రాశులను సరిపుచ్చి తగ్గించుట ముఖాబలా. ఆల్జీబ్రా అనే మాట దీని నుండియే వచ్చినది. ఆశ్చర్యమేమనగా, ఈ గ్రంథములో నేటి మన గుర్తులు ఒక్కటియు లేవు. సంఖ్యలు సైతము మాటలలోనే ఉన్నాయి. ఒక వర్గమునకు దాని మూలమునకు పది రెట్లు కలిపితే 39 అగును, మూలము ఎంత? పదిలో సగము 5. దాని వర్గము 25. 39తో కలిపితే 64. దాని మూలము 8. అందులో 5 తీసివేస్తే 3. ఇంతటితో ఆగక, చతురస్రము గీసి, అంచులు చేర్చి, మూల పూరించి ఎందుకు అట్లగునో కూడ చూపుతాడు. నా దృష్టిలో ఆయన గొప్పతనము ఇక్కడ ఉన్నది. విద్యార్థిని సూత్రమునకు బానిసను చేయలేదు.

ఈ గ్రంథములో సుమారు సగభాగము వారసత్వపు లెక్కలే అని చాల మందికి తెలియదు. ఒక స్త్రీ మరణించినది. భర్త, ఒక కుమారుడు, ముగ్గురు కుమార్తెలు ఉన్నారు. పరాయివానికి ఆస్తిలో ఎనిమిదవ వంతును, ఏడవ వంతును కలిపి ఇమ్మని వీలునామా వ్రాసినది. షరియత్ ప్రకారము, వీలునామా పోగా మిగిలిన దానిలో భర్తకు నాల్గవ వంతు. తక్కినది కుమార్తెకు ఒకటి, కుమారునికి రెండు చొప్పున. ఆస్తిని 1120 భాగములు చేస్తే పరాయివానికి 300, భర్తకు 205, కుమారునికి 246, ఒక్కొక్క కుమార్తెకు 123 వస్తాయి. భిన్నములు తప్పితే ఒక ఆడపిల్ల వాటా తప్పుతుంది. వారసత్వము, వర్తకము, భూమి కొలత, కాలువల త్రవ్వకము మొదలగు పనులలో జనులకు ఉపకరించుటకే ఈ గ్రంథము వ్రాసినట్లు ఆయన పీఠికలో తెలిపినాడు.

భారతీయ పద్ధతిననుసరించి గ్రహగణిత పట్టికలను, 2402 స్థలముల అక్షాంశ రేఖాంశములతో భూగోళ గ్రంథమును కూడ ఆయన రచించాడు. దాదాపు ఆ కాలముననే మన దక్కనులో రాష్ట్రకూట అమోఘవర్షుని పాలనలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహమును రచిస్తున్నాడు. దానినే తరువాతి కాలమున పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చాడు. ఇరువురికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసిన జాడ లేదు.

పన్నెండవ శతాబ్దములో ఆయన గ్రంథములు లాటిన్ భాషకు చేరాయి. 1145లో చెస్టర్‌కు చెందిన రాబర్ట్ స్పెయిన్‌లో బీజగణితమును అనువదించాడు. 1202లో పీసా నగరవాసి ఫిబొనాచ్చి కొత్త అంకెల మీద పెద్ద గ్రంథము వెలువరించాడు. అయినను లోకము వెంటనే అంగీకరించలేదు. 1299లో ఫ్లారెన్సు నగరపు వడ్డీ వ్యాపారుల సంఘము ఖాతా పుస్తకములలో ఈ అంకెలను వాడరాదని నిషేధించినది. ఒక అంకెను మరొకటిగా దిద్దివేయుట సులభమన్న భయము అందుకు కారణమని చెబుతారు.

ఈ అంకెలు అరబ్బుల సృష్టియని కొందరు, అల్ ఖ్వారిజ్మీ కేవలము నకలు వ్రాసినవాడని మరికొందరు నేటికీ వాదిస్తారు. రెండును సరి కావు. ఆ గణనము హిందువులదేనని ఆయనే తన పుస్తకములో స్పష్టముగా చెప్పినాడు. దానిని బోధించిన తీరు మాత్రము ఆయనదే. లాటిన్ పండితుల నోట ఆయన పేరు అల్గోరిత్మి అయి, కాలక్రమమున అది మనిషి పేరన్న సంగతియే మరుగున పడి, లెక్క చేసే క్రమమునకు అల్గారిథమ్ అనే పేరుగా నిలిచినది.

అంకగణిత గ్రంథపు అరబ్బీ మూలము మాత్రము నేటికీ లభించలేదు. లాటిన్ ప్రతి ఒకటి కేంబ్రిడ్జిలో అసంపూర్ణముగా ఉన్నది. మరింత పూర్తి ప్రతి 1997లో ప్రకటితమైనది. కేంబ్రిడ్జి ప్రతిలో ఒక విచిత్రము ఉన్నది. హిందూ అంకెలు వ్రాయవలసిన చోట్ల చాల వరకు లేఖకుడు ఖాళీలు వదలి ముందుకు సాగినాడు. బహుశా ఆ కొత్త ఆకృతులను తరువాత నింపుదమనుకొన్నాడేమో, ఆ ఖాళీలు అట్లే ఉన్నాయి.