తల్లి చేతి బొమ్మలు – నందలాల్ బోస్

చిత్రకారుని గొప్పతనాన్ని లోకం సాధారణంగా అతని ప్రసిద్ధ చిత్రాలతోనే కొలుస్తుంది. ఆధునిక భారతీయ చిత్రకళకు మార్గదర్శకులలో ఒకడైన నందలాల్ బోస్ విషయంలో ఆ కొలమానం చాలదు. ఆయన భిత్తిచిత్రాలు, పురాణచిత్రాలు ఎంత ప్రశస్తమైనవో, జీవితం పొడవునా చిన్న చిన్న కార్డుల మీద గీచిన రేఖాచిత్రాలు కూడా అంత ప్రశస్తమైనవే. తాటిచెట్టు నీడలో మేక, తలమీద బుట్టతో నడచిపోయే సంతాల్ స్త్రీ, వానలో తడుస్తున్న బాట – ఇవీ వాటిలోని విషయాలు. ఇంతటి సామాన్యమైన వస్తువులపై ఆ మహాచిత్రకారునికి అంతటి మక్కువ ఎక్కడినుండి వచ్చిందో తెలిసికోవాలంటే ఆయన బాల్యం దగ్గరకు, ఆయన తల్లి దగ్గరకు వెళ్లాలి.

నందలాల్ బోస్ 1882 డిసెంబరు 3వ తేదీన బీహారు రాష్ట్రంలోని ముంగేరు జిల్లా హవేలీ ఖరగ్‌పూర్‌లో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించాడు. బెంగాలులోని రైల్వే పట్టణమైన ఖరగ్‌పూర్ వేరు, ఇది వేరు. తండ్రి పూర్ణచంద్ర బోస్ దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి గృహిణి. ఆమెను గూర్చి మనకు తెలిసిన వివరాలు చాలా కొద్ది. ఆమె ఏ కళాశాలలోనూ చదువలేదు. ఆమె పేరుతో ఏ చిత్రమూ మిగలలేదు. అయితే ఇంటిలో అందుబాటులో ఉన్న వస్తువులతోనే కుమారునికి ఆటబొమ్మలను చేసి ఇచ్చే నేర్పు ఆమెకు ఉండేది. పనికిరానిదనుకొన్న వస్తువు తల్లి చేతిలో బొమ్మగా మారడం ఆ బాలునికి తొలి కళాపాఠం. ఊరిలో కుమ్మరులు మట్టితో విగ్రహాలను మలచుచుండగా అతడు గంటల తరబడి చూస్తూ నిలిచేవాడు. ఇంటికి వచ్చి తానూ మట్టిని పిసికి బొమ్మలు చేసేవాడు. కొంత పెద్దవాడైన తరువాత పూజాపందిళ్లను అలంకరించే పనిలో పాల్గొనేవాడు.

బాల్యం పూర్తిగా గడవకముందే క్షేత్రమణీదేవి కన్నుమూసింది. చిన్ననాట తల్లిని పోగొట్టుకొన్న బిడ్డకు కాలం గడచినకొద్దీ ఆమె రూపం మసకబారవచ్చు. ఆమె నేర్పిన పని మాత్రం చేతిలో మిగిలిపోతుంది. నందలాల్ విషయంలో జరిగింది అదే. చేతికి దొరికిన దానితో బొమ్మ చేయవచ్చునన్న నమ్మకమే తల్లి అతనికి ఇచ్చివెళ్లిన ఆస్తి. ఆ ఆస్తి విలువ లోకానికి తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఉన్నత పాఠశాల విద్యకై నందలాల్ పదునైదేళ్ల ప్రాయంలో కలకత్తా చేరాడు. 1902లో ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణుడై ఎఫ్.ఏ. తరగతిలో ప్రవేశించాడు. నాటి ఎఫ్.ఏ. అంటే నేటి ఇంటర్మీడియట్‌తో సమానమైన చదువు. ఆ చదువు అతనికి సాగలేదు. పాఠ్యగ్రంథాలు ముందుండగా మనసు చిత్రాల మీదికి పోయేది. ఒక కళాశాల నుండి మరొక కళాశాలకు మారినా ఫలితం మారలేదు. ఎఫ్.ఏ. పరీక్షలో పలుమార్లు విఫలుడైనాడు. 1903లో సుధీరాదేవితో వివాహం జరిగింది. సంసార బాధ్యత ఒకవైపు, పరీక్షలలో అపజయం మరొకవైపు నిలిచాయి. కుటుంబంలోని పెద్దలు ఉద్యోగం ఇచ్చే చదువును కోరారు. వారి తృప్తికై 1905లో ప్రెసిడెన్సీ కళాశాలలో వాణిజ్యశాస్త్ర తరగతిలో చేరాడు. అక్కడా అదే స్థితి. చివరకు పెద్దలను ఒప్పించి కలకత్తా ప్రభుత్వ కళాపాఠశాలలో అడుగుపెట్టాడు.

ఆ పాఠశాలకు ఇ.బి. హేవెల్ అధ్యక్షుడు, అవనీంద్రనాథ ఠాకూర్ ఉపాధ్యక్షుడు. పాశ్చాత్య చిత్రాలకు నకళ్లు తీయడమే చిత్రకళాభ్యాసంగా చలామణి అవుతున్న రోజులవి. హేవెల్, అవనీంద్రులు ఆ పద్ధతిని కాదని విద్యార్థుల దృష్టిని అజంతా, మొగలు, రాజపుత్ర చిత్రాల వైపు మరలించారు. అవనీంద్రుని శిష్యరికంలో నందలాల్ ప్రతిభ వికసించింది. కాగితాన్ని మాటిమాటికీ నీటిలో తడిపి పలుచని రంగులను పొరలుగా పరచే పద్ధతిలో అతడు పురాణగాథలను చిత్రించాడు. శివుడు, సతి అతనికి ప్రియమైన విషయాలు. 1908లో ప్రాచ్య కళాసంఘం ప్రదర్శనలో శివసతుల చిత్రానికి 500 రూపాయల బహుమతి లభించింది. ఆ ధనాన్ని అతడు దేశాటనకు వినియోగించి ఉత్తర దక్షిణ భారతాలలోని క్షేత్రాలను, శిల్పాలను దర్శించాడు. 1909లో లేడీ హెరింగ్‌హామ్ అజంతా గుహల చిత్రాలకు ప్రతికృతులు తయారు చేయించినపుడు ఆ బృందంలో నందలాల్ ఉన్నాడు. నాటి భిత్తిచిత్రాలలోని రేఖల శక్తి అతని మనసులో చెరగని ముద్ర వేసింది.

ఇట్లు ముప్పది ఏళ్లు నిండకుండానే నందలాల్ ప్రసిద్ధుడైనాడు. దేవతామూర్తులను, ఇతిహాసవీరులను చిత్రిస్తూ ఆ మార్గంలోనే జీవితం గడిపినా కీర్తికి లోపం ఉండేది కాదు. కాని అప్పటికి అతని చిత్రాలలో ఒక వెలితి ఉన్నది. వాటిలో పురాణలోకం ఉన్నది. కళ్లెదుట కదలాడే లోకం తక్కువ. చిన్ననాడు తల్లి ఒడిలో, కుమ్మరి వాకిట చూచిన ప్రపంచానికి అతడు ఇంకా తిరిగి రాలేదు.

ఆ పునరాగమనానికి శాంతినికేతనం వేదిక అయింది. విశ్వకవి రవీంద్రనాథ ఠాకూర్ 1919లో అక్కడ కళాభవనాన్ని స్థాపించి నందలాల్‌ను ఆహ్వానించాడు. 1922లో నందలాల్ దానికి అధ్యక్షుడైనాడు. ఎర్రమట్టి నేలలు, తాటితోపులు, కోపాయి నది, చుట్టూ సంతాల్ పల్లెలు – ఆ పరిసరాలు ఆయన కుంచెకు కొత్త జీవం పోశాయి. నడచిపోతూ, ఎక్కడ మనసు నిలిస్తే అక్కడ నిలిచి, వెంట ఉన్న కార్డు మీద నాలుగు గీతలలో ఆ దృశ్యాన్ని బంధించడం ఆయనకు నిత్యకృత్యమైంది. 1924లో రవీంద్రునితో చైనా, జపాను దేశాలు పర్యటించి సిరాతో, కుంచెతో క్షణంలో ప్రాణం పోసే ప్రాగ్దేశపు రేఖారీతిని దగ్గరగా పరిశీలించాడు. ఆ పరిశీలన ఆయన చిత్రలేఖనానికి మరింత వేగాన్ని, సరళతను ఇచ్చింది.

ఈ కార్డులను ఆయన పెట్టెలో దాచుకోలేదు. శిష్యులకు, మిత్రులకు ఉత్తరాలుగా పంపేవాడు. ఒక వైపు నాలుగు మాటలు, మరొక వైపు ఒక బొమ్మ. చేసిన బొమ్మను బిడ్డ చేతిలో పెట్టే తల్లికి, గీచిన చిత్రాన్ని శిష్యునికి పంపే గురువునకు భేదమేమున్నది? ఇద్దరి పనిలోనూ ఉన్నది ప్రేమతో ఇవ్వడమే. 1930లో రవీంద్రుడు పిల్లల కొరకు రచించిన తొలి వాచకానికి నందలాల్ బొమ్మలు చెక్కి ఇచ్చినదీ ఈ భావంతోనే. బెంగాలీ బాలబాలికలు తరతరాలుగా ఆ బొమ్మలను చూస్తూ అక్షరాలు నేర్చుకొన్నారు.

స్త్రీలు ఇంటి ముంగిట వేసే ముగ్గులను, నూలుతో కుట్టే అలంకారాలను పండితులు కళగా గణించని కాలమది. నందలాల్ వాటికి కళాభవనంలో పీట వేశాడు. వరిపిండితో వేసే బెంగాలీ ముగ్గునకు ఆల్పన అని పేరు. ఆ విద్యలో ఆరితేరిన సుకుమారీదేవి కళాభవనంలో విద్యార్థులకు దానిని నేర్పింది. నందలాల్ కుమార్తె గౌరి కూడా ఆ విద్యలో ప్రవీణురాలై బోధించింది. తన తల్లివంటి అజ్ఞాత గృహిణుల చేతిపనికి కళాలోకంలో ఆయన చేసిన గౌరవమిది.

దేశం స్వాతంత్ర్య సమరంలో మునిగి ఉన్న దినాలవి. 1930లో దండియాత్ర సందర్భంగా చేతికర్రతో ముందుకు సాగే గాంధీమహాత్ముని రూపాన్ని ఆయన లినోలియం పలకపై చెక్కి ముద్రించాడు. నలుపు తెలుపులతో మాత్రమే రూపొందిన ఆ చిత్రం జాతీయోద్యమానికి ప్రతీకగా నిలిచింది. 1936లో లక్నో కాంగ్రెసు సమావేశంలో, ఆ తరువాత ఫైజ్‌పూర్ సమావేశంలో మహాత్ముడు అలంకరణ బాధ్యతను ఆయనకు అప్పగించాడు. గ్రామీణులకు అర్థమయ్యే విధంగా, గ్రామాలలో దొరికే వెదురు, గడ్డి, మట్టివంటి సామగ్రితోనే అంతా సాగాలని మహాత్ముని ఆకాంక్ష. అది నందలాల్‌కు పరాయి పాఠం కాదు. అందుబాటులో ఉన్నదానితోనే అందాన్ని సృష్టించడం ఆయన తల్లి దగ్గరే చూచాడు.

ఈ సాధన 1938 ఫిబ్రవరిలో గుజరాతులోని హరిపురలో జరిగిన కాంగ్రెసు సమావేశంలో పరాకాష్ఠ నందుకొన్నది. సుభాష్ చంద్రబోస్ అధ్యక్షత వహించిన ఆ సమావేశానికి నందలాల్ దాదాపు 80 చిత్రఫలకాలను చిత్రించాడు. చేతితో తయారైన కాగితం, మట్టిరంగులు, వేగంగా సాగే బలమైన రేఖలు – ఇవే సాధనాలు. నాగలి దున్నే రైతు, వడ్రంగి, చర్మకారుడు, డోలు వాయించేవాడు, వడ్లు దంచే స్త్రీ, బిడ్డ నెత్తుకొన్న తల్లి వాటిలోని నాయకులు. శిష్యులు వాటికి నకళ్లు సిద్ధం చేయగా, సమావేశ ప్రాంగణమంతటా అవి అమరినవి. టిక్కెట్టు కొని చిత్రశాలలోకి వెళ్లే అలవాటు లేని పల్లెప్రజలు తమ జీవితాన్నే తోరణాలపై చూచుకొన్నారు. ఎన్నో ఏళ్లు కార్డుల మీద సాగిన నిత్యాభ్యాసం లేనిదే అంత తక్కువ కాలంలో అంతటి పని సాధ్యమయ్యేది కాదు.

స్వాతంత్ర్యానంతరం భారత రాజ్యాంగపు చేతివ్రాత ప్రతిని అలంకరించే గౌరవం నందలాల్‌కు, ఆయన శిష్యులకు దక్కింది. మొహంజొదారో నుండి స్వాతంత్ర్య సమరం దాకా భారత చరిత్రలోని ఘట్టాలు ఆ పుటలపై నిలిచాయి. తెలుగునాట ప్రసిద్ధుడైన చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు (1924–2012) శాంతినికేతనంలో నందలాల్ వద్ద అభ్యసించినవాడే. ఆ విధంగా ఆ కళాపరంపర మన హైదరాబాదు కళాశాలల వరకు ప్రవహించింది.

నందలాల్ 1951లో కళాభవనం బాధ్యతల నుండి విరమించాడు. 1954లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ బిరుదంతో సత్కరించింది. పదవి విరమించినా చేయి విరమించలేదు. పెద్ద గోడలపై చిత్రించే శక్తి తగ్గిన వార్ధక్యంలో ఆయన మళ్లీ చిన్న కాగితాలనే ఆశ్రయించాడు. సిరాతో చెట్లు, కొండలు, పశుపక్ష్యాదులు గీచాడు. చింపిన రంగుకాగితపు ముక్కలను అతికించి రూపాలు కల్పించాడు. పనికిరాని ముక్కలలో బొమ్మను చూచే ఆ చూపు ఏడు దశాబ్దాల నాటి తల్లి చూపే. 1966 ఏప్రిల్ 16వ తేదీన ఆయన కలకత్తాలో పరమపదించాడు. ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలలో ఆయన చిత్రాలు దాదాపు 7,000 భద్రపరచబడి ఉన్నాయి. వాటిలో క్షేత్రమణీదేవి చేసిన బొమ్మ ఒక్కటీ లేదు. అయినా ఆ బొమ్మలే లేకుంటే ఈ చిత్రసంపదకు తొలి అంకురం ఉండేది కాదేమో!

ఎఫ్.ఏ.లో విఫలుడైన యువకుడు జాతి గర్వించదగిన ఆచార్యుడైనాడన్నది విద్యార్థులకు ఆత్మస్థైర్యాన్ని కలిగించే విషయం. అంతకుమించి గ్రహించవలసినది మరొకటి ఉన్నది. ఇంటిలో, వీధిలో, పొలంలో ప్రతిదినం కనిపించే జీవితాన్ని శ్రద్ధతో చూడడం, చూచినదానిని ఏ రోజుకు ఆ రోజు కాగితంపై నిలుపుకోవడం ఆయన సాధనకు మూలం. ఆ శ్రద్ధను మనకు మొదట నేర్పేవారు పేరు ప్రతిష్ఠలు లేని మన ఇంటివారే. వారి చేతిపనిని గుర్తించి గౌరవించడం నందలాల్ జీవితం మనకు నేర్పే పాఠం.