క్యూబా తాళం పట్టిన స్వీడన్ వాళ్ల అబ్బాయి

స్వీడన్ మూలాలున్న ఒక అమెరికన్ కుర్రాడు, క్యూబా వాళ్ల తాళాలు. ఈ రెంటికీ సంబంధం ఏంటి అనిపిస్తుంది కదా? కాల్ జేడర్ కథ అదే.

1925 జూలై 16న సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చేవాళ్లు. నాన్న డాన్సర్, అమ్మ పియానో వాయించేది. తర్వాత కాలిఫోర్నియాలోని శాన్ మాటియోలో స్థిరపడి డాన్స్ స్కూల్ పెట్టారు. పిల్లాడు చిన్నప్పుడే ట్యాప్ డాన్స్ చేసేవాడు. అంటే తాళం ముందు కాళ్లకొచ్చింది, తర్వాతే చేతులకి. పదహారేళ్లకి ఒక డ్రమ్స్ పోటీ గెలిచాడు. కానీ ఆ రోజే పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. ఇంక ఆ గెలుపుని పట్టించుకునేదెవరు? కొన్నాళ్లకి తనూ నేవీలో చేరాడు.

యుద్ధం అయ్యాక కాలేజీలో చదువుకుంటూ డేవ్ బ్రూబెక్ బృందంలో డ్రమ్స్ వాయించాడు. వైబ్రాఫోన్ కూడా అప్పుడే పట్టాడు. లోహపు పట్టీల మీద కర్రలతో వాయించే వాద్యం అది. 1953లో జార్జ్ షియరింగ్ బృందంలో చేరాక, న్యూయార్క్‌లో మచీటో, టీటో పుయెంటే బృందాలు విన్నాడు. అంతే, ఆ పిచ్చి పట్టేసింది. 1954లో సొంత బృందం పెట్టుకున్నాడు.

బయటివాడొచ్చి వేరేవాళ్ల సంగీతాన్ని వాడేసుకుంటున్నాడా? అడగాల్సిన ప్రశ్నే. జేడర్ మాత్రం మోంగో శాంటామరియా, విల్లీ బోబో, అర్మాండో పెరాజా లాంటి, ఆ తాళాల్లోనే పెరిగినవాళ్లని పక్కన పెట్టుకున్నాడు. వాళ్ల దగ్గర నేర్చుకుంటూనే వాయించాడు. మోంగో రాసిన ‘ఆఫ్రో బ్లూ’ మొదట రికార్డయింది ఈ బృందంతోనే.

1964లో రికార్డ్ చేసిన ‘సోల్ సాస్’ ఆల్బమ్‌లో ఇదంతా వినిపిస్తుంది. టైటిల్ పాట డిజ్జీ గిలెస్పీ, చానో పోజో చేసిన ‘గ్వాచీ గ్వారో’. పదేళ్ల ముందే ఒకసారి రికార్డ్ చేసి, మళ్లీ చేశాడు. మధ్యలో బోబో హుషారుగా కేకలేస్తుంటాడు. వైబ్రాఫోన్ మాత్రం తొందరపడదు, తాళానికి చోటిచ్చి పక్కనే నడుస్తుంది. ఆ ఆల్బమ్ లక్షకి పైగా అమ్ముడైంది.

1980లో వచ్చిన ‘లా ఓండా వా బియెన్’కి గ్రామీ వచ్చింది. 1982 మే 5న బృందంతో టూర్‌లో ఉండగా మనీలాలో గుండెపోటుతో చనిపోయాడు. అప్పటికి 56 ఏళ్లు.

ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను ఈ క్లబ్‌లో తెలుగు రాయాలంటే మొదట్లో జంకేవాణ్ని, ఇది నాది కాదేమో అని. జేడర్ కథ చదివాక కొంచెం ధైర్యం వచ్చింది. బాగా తెలిసినవాళ్ల పక్కన కూర్చుని, చెవులు తెరిచి ఉంచితే చాలేమో. మీరూ ‘సోల్ సాస్’ ఒకసారి వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.