విరూపణ్ణ

విరూపణ్ణ (విరూపణ్ణ నాయకుడు) 16వ శతాబ్దికి చెందిన విజయనగర సామ్రాజ్య అధికారి, లేపాక్షి వీరభద్రాలయ నిర్మాత. అచ్యుత దేవరాయల పాలనలో (1529-1542) పెనుకొండ ప్రాంతంలో అధికారం నెరపిన ఈయన, సోదరుడు వీరణ్ణతో కలసి ఈ ఆలయాన్ని కట్టించాడు. విజయనగర కాలపు వర్ణచిత్రాలు అత్యధికంగా మిగిలి ఉన్న ప్రదేశాలలో లేపాక్షి ముఖ్యమైనది. ఆ చిత్రాలను గీసినవారి పేర్లు కాలగర్భంలో కలసిపోగా, గీయించినవాని పేరు శాసనాలలోను, రూపం ఆలయపు కప్పు మీద నిలిచాయి. అయితే జనం నోట విరూపణ్ణ బ్రతికి ఉన్నది చిత్రాల వలన కాదు, తన కళ్ళు తానే పెరికివేసుకున్నాడనే కథ వలన.

లేపాక్షి హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. పూర్వం అనంతపురం జిల్లాలో ఉండిన ఈ గ్రామం, 2022లో పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది.

కుటుంబం, ఉద్యోగం

విరూపణ్ణ తండ్రి నంది లక్కిసెట్టి, తల్లి ముద్దమాంబ. తండ్రి పేరులోని "సెట్టి" వర్తక కుటుంబాన్ని సూచిస్తుండగా కుమారుని పేరు చివర "నాయక" అనే అధికార బిరుదు కనిపిస్తుంది. ఒక తరంలోనే ఈ కుటుంబం రాజోద్యోగంలో పైకి వచ్చిందని దీనినిబట్టి ఊహించవచ్చు. సోదరులు కన్నడ ప్రాంతంవారని చెబుతారు. ఆలయంలోని శాసనాలు కూడా కన్నడంలోనే ఉన్నాయి. విజయనగర కాలంలో ఈ సీమ తెలుగు, కన్నడ భాషలు రెండూ చెల్లిన సీమ కనుక ఇందులో వింత లేదు.

పెనుకొండ ఆనాడు గొప్ప గిరిదుర్గం. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత రాజధానే అక్కడికి తరలింది. అయితే చుట్టూ ఉన్న భూమి వానకు మొగం వాచినది. చెరువు నిండితేనే పంట, పంట పండితేనే శిస్తు. ఇటువంటి చోట ఇంత పెద్ద రాతి ఆలయానికి ధనం ఎక్కడిదన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. విరూపణ్ణను గురించిన కథకు మూలం ఈ ప్రశ్నలోనే ఉన్నట్లు తోస్తుంది.

ఆలయ నిర్మాణం

తాబేలు ఆకారంలో ఉన్నందున కూర్మశైలం అని పిలువబడే గుట్ట మీద ఆలయం ఉంది. అక్కడి పాపనాశేశ్వర లింగాన్ని అగస్త్యుడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. వీరభద్రుడు, పాపనాశేశ్వరుడు, రఘునాథుడు, దుర్గ ఒకే ప్రాంగణంలో పూజలందుకోవడం ఇక్కడి విశేషం. శివ, విష్ణు సన్నిధులు ఎదురెదురుగా ఉంటాయి. నిర్మాణం 1530 దశకంలో సాగింది. ఆ కాలపు శాసనాలు దేవునికి ఇచ్చిన భూములను పేర్కొంటాయి. ఊరి మొదట ఉన్న ఏకశిలా నంది సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు ఉంటుంది. వ్రేలాడే స్తంభాన్ని చూడడానికే ఎక్కువమంది వస్తారు. వారిలో తలెత్తి కప్పు చూసేవారు తక్కువ.

చిత్రాలు

నాట్యమండపం, అర్ధమండపం మొదలైన భాగాల కప్పులన్నీ ఒకప్పుడు రంగులతో నిండి ఉండేవి. సున్నపు పూత మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు ప్రధానంగా వాడారు. నీలం చాలా అరుదు. పొడవైన పట్టీలుగా కప్పును విభజించి, ఒక్కొక్క పట్టీలో ఒక కథను వరుసగా నడిపించారు. కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, గిరిజా కల్యాణం, శ్రీరామ పట్టాభిషేకం, పార్వతీ పరమేశ్వరుల పాచికలాట, వటపత్రశాయి వీటిలో ప్రసిద్ధమైనవి. అర్ధమండపంలో శివుని పదునాలుగు రూపాలున్న చిత్రం సుమారు 23 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు గలదని చెబుతారు. ఇది ఆసియాలోనే పెద్దదన్న మాట తరచు వినబడుతుంది గాని, దానిని ఎవరూ కొలిచి పోల్చినట్లు లేదు.

లేపాక్షి చిత్రకారులకు రేఖే ప్రాణం. అజంతా చిత్రాలలో వెలుగునీడలతో శరీరానికి గుండ్రదనం తెచ్చారు. లేపాక్షిలో ఆ ప్రయత్నం కనిపించదు. నల్లని గీతతో ఆకారాన్ని బంధించి, లోపల సమతలంగా రంగు నింపారు. ముఖాలు చాలావరకు ప్రక్కకు తిరిగి ఉంటాయి. కన్ను మాత్రం పెద్దది, విప్పారినది. దూరం, లోతు చూపించే పద్ధతి లేదు. మనుషులందరూ ఒకే గీత మీద నిలుచున్నట్లుంటారు. అయినా చిత్రం నిర్జీవం కాదు. కిరాతార్జునీయంలో వేటగాండ్ర ఎదుట లంఘించే అడవిపంది ఒళ్ళంతా విల్లులా వంగిన తీరు చూస్తే, ఈ పద్ధతిలో చలనాన్ని ఎలా చూపించవచ్చో తెలుస్తుంది.

వస్త్రాల విషయంలో వారి ఓపికకు హద్దు లేదు. ఒక స్త్రీ చీర మీది అద్దకం ప్రక్కనున్న స్త్రీ చీర మీద ఉండదు. చారలు, గళ్ళు, పువ్వులు, హంసలు, రకరకాల కొప్పులు గమనిస్తే ఆనాటి దుస్తుల చరిత్రకు ఇవే సాక్ష్యమనిపిస్తుంది. పురుషుల తలపై ఉండే పొడవైన కుళ్ళాయి పారశీక, ముస్లిం రాజసభల వేషధారణ నుండి విజయనగర సభకు వచ్చింది. హిందూ దేవాలయపు కప్పు మీద భక్తులు ఆ టోపీతోనే నిలుచుండడం గమనించదగ్గది.

ఇవి గీస్తున్న కాలంలోనే రోమ్ నగరంలో మైకెలాంజిలో సిస్టైన్ ప్రార్థనాలయపు గోడ మీద అంతిమ తీర్పు చిత్రాన్ని (1536-1541) వేశాడు. అక్కడ చిత్రకారుని ఒక్కొక్క సంవత్సరపు పని లెక్క తెలుస్తుంది. ఇక్కడ పని అంతా ఒక వృత్తిబృందానిది. కొన్ని పట్టీలలో గీత మిక్కిలి నాజూకుగా ఉండి, మరికొన్నిటిలో మొరటుగా ఉండడాన్నిబట్టి గురువులు, శిష్యులు పని పంచుకున్నారని చెప్పవచ్చు. సంతకం పెట్టడం వారి ఆచారం కాదు. పేరు నిలుపుకొనే హక్కు ధనం ఇచ్చినవానిదే.

ఆ హక్కును విరూపణ్ణ వినియోగించుకున్నాడు. కప్పు మీద విరూపణ్ణ, వీరణ్ణ పరివారంతో నిలిచి, కుళ్ళాయిలు ధరించి, ఇలవేల్పు విభూతిని వినయంగా అందుకొంటున్నట్లు చిత్రించారు. తిరుమలలోని కృష్ణదేవరాయల విగ్రహానికి ఉన్నటువంటి శిరోవేష్టనమే వీరికీ ఉంది. ఒక ఉద్యోగి రాజును పోలిన వేషంతో దేవుని ఎదుట నిలుచుండడం భక్తితో పాటు హోదాను చాటుకొనడం కూడా.

అంధత్వపు కథ

రాజు దూరంగా ఉన్న సమయంలో కోశాధికారియైన విరూపణ్ణ ఖజానా సొమ్మును అనుమతి లేకుండా ఆలయానికి ఖర్చు చేశాడని, తిరిగివచ్చిన రాజు కళ్ళు పీకించమని ఆజ్ఞాపించాడని, ఆ శిక్షను తానే అమలుపరచుకొని విరూపణ్ణ కళ్ళను గోడకు విసరికొట్టాడని స్థానికులు చెబుతారు. కల్యాణమండపం దగ్గరి గోడ మీద ఉన్న రెండు ఎర్రని మరకలను ఆనవాలుగా చూపిస్తారు. కల్యాణమండపం కప్పు లేకుండా, శివపార్వతుల పెండ్లికి వచ్చిన దేవతల శిల్పాలున్న స్తంభాలతో అసంపూర్తిగా నిలిచిపోవడానికి కూడా ఇదే కారణమంటారు. "లోపించిన అక్షి" నుండి లేపాక్షి పేరు వచ్చిందని ఒక వాదం. రాముడు జటాయువుతో "లే పక్షీ" అన్నాడని మరొకటి. రెండూ ఒకే పేరుకు చెప్పే కథలు గనుక రెండూ నిజం కాలేవు.

శిక్ష కథకు సమకాలీన శాసనాధారం లేదు. ఉన్న శాసనాలు విరూపణ్ణను అపరాధిగా కాక దాతగానే చూపుతాయి. దొంగసొమ్ముతో కట్టిన గుడికి రాజు పాలనాకాలంలోనే బహిరంగంగా దానశాసనాలు చెక్కించడం నమ్మదగినదిగా లేదు. మండపం ఆగిపోవడానికి 1542లో అచ్యుత రాయల మరణం, తరువాతి వారసత్వ కలహాలు చాలినంత కారణం కావచ్చు.

అయినా ఈ కథను కొట్టివేసి ఊరుకోవడానికి లేదు. నాట్యమండపపు కప్పు మీద మనునీతి చోళుని చిత్రం ఉంది. రథం క్రింద లేగదూడ చనిపోగా, తల్లి ఆవు న్యాయం కోరి గంట మ్రోగిస్తుంది. రాజు తన కొడుకుకే మరణదండన విధిస్తాడు. అధికారంలో ఉన్నవాడు తన తప్పుకు తన శరీరంతోనే మూల్యం చెల్లించాలన్న భావాన్ని విరూపణ్ణే కప్పుకెక్కించాడు. జనం అదే కొలతతో అతని కథను చెప్పుకున్నారు.

తరువాతి కాలం

తేమ, పొగ, గబ్బిలాల వలన చాలా చిత్రాలు మాసిపోయాయి. కొన్ని చోట్ల సున్నం పెచ్చులుగా ఊడిపోయింది. ఆలయం భారత పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. 2022లో వీరభద్రాలయం, ఏకశిలా నంది యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. లతామండపపు స్తంభాల మీది తీగల నమూనాలు చీరల అంచుల మీదకు వచ్చాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తయారయ్యే తోలుబొమ్మలలో కూడా ప్రక్కకు తిరిగిన ముఖం, విప్పారిన కన్ను, నల్లని గీత, ఒంటినిండా అద్దకం కనిపిస్తాయి.