మూగజీవుల అండ – రుక్మిణీదేవి అరండేల్

రుక్మిణీదేవి అరండేల్ పేరు వినగానే భరతనాట్యం, కళాక్షేత్రం మనకు స్ఫురిస్తాయి. అది సముచితమే. కాని ఆ కీర్తి వెలుగులో ఆమె చేసిన మరొక సాధన మరుగునపడింది. నోరులేని ప్రాణుల కోసం, వాటిని సాకే మనుషుల కోసం ఆమె పడిన శ్రమ అది. ఆ సాధనను మా విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఆమె 1904 ఫిబ్రవరి 29న మదురైలో జన్మించారు. తండ్రి నీలకంఠశాస్త్రి ఇంజనీరు. దివ్యజ్ఞాన సమాజం పట్ల అభిమానంతో కుటుంబాన్ని మద్రాసులోని అడయారుకు తరలించారు. ఆ వాతావరణంలో పెరిగిన రుక్మిణీదేవి పదహారేండ్ల వయసులో, 1920లో, ఆంగ్లేయుడైన జార్జ్ అరండేల్‌ను వివాహమాడారు. ఆనాటి సమాజం అందుకు భగ్గుమన్నది. దేవదాసీల కళగా లోకం చిన్నచూపు చూసిన నాట్యాన్ని అభ్యసించి 1935లో అడయారులో ప్రదర్శించినప్పుడూ విమర్శలు వెల్లువెత్తాయి. ఆమె వెనుదిరగలేదు. 1936లో కళాక్షేత్రాన్ని స్థాపించారు. లోకం హీనంగా చూసిన దానిలోని విలువను గుర్తించే ఈ దృష్టే ఆమె రెండవ సాధనకు కూడా పునాది అని మేము భావిస్తున్నాము.

1952లో రాష్ట్రపతి ఆమెను రాజ్యసభ సభ్యురాలిగా నియమించారు. అప్పటికి జంతు హింసను అరికట్టడానికి దేశంలో 1890 నాటి ఆంగ్లేయుల చట్టమే ఆధారం. దానికి బదులు సమగ్రమైన శాసనం కావాలని కోరుతూ 1953లో ఆమె సొంతంగా ఒక బిల్లును ప్రవేశపెట్టారు. ప్రభుత్వమే అట్టి బిల్లును తెస్తుందని ప్రధాని నెహ్రూ హామీ ఇవ్వగా తన బిల్లును ఉపసంహరించుకున్నారు. తన పేరు నిలవడం కన్న పని నెరవేరడమే ముఖ్యమని తలచినవారు మాత్రమే ఇట్లా చేయగలరు. ఆ ఫలితం చేతికందడానికి 1960 వరకు నిరీక్షించవలసి వచ్చింది.

ఆ సంవత్సరం వెలువడిన జంతు హింసా నివారణ చట్టం ఆమె ఆశలన్నిటినీ తీర్చలేదు. జంతువులపై శాస్త్ర ప్రయోగాలకు ఆమె వ్యతిరేకి. చట్టం వాటిని నిషేధించక, పర్యవేక్షణకు ఒక కమిటీని నియమించే వీలు మాత్రం కల్పించింది. ఆమె శాకాహార ప్రచారకురాలు. చట్టంలోని 28వ సెక్షన్ ఏ మతంవారైనా తమ ధర్మం విధించిన రీతిలో జంతువును వధించడం నేరం కాదన్నది. అయినా ఆమె అలిగి దూరంగా నిలువలేదు. భిన్న విశ్వాసాలవారు కలిసి జీవించే దేశంలో అందరికీ సమ్మతమైన కరుణను ముందుగా స్థిరపరచాలి. దప్పిగొన్న కుక్కకు బావినీరు తోడి ఇచ్చిన మనిషి కథను ఇస్లాం సంప్రదాయం ఆదరంతో చెప్పుకుంటుంది. ముసలి పశువులకు జైనులు పింజ్రాపోళ్లు కట్టించారు. దయకు ఒకే మతం లేదు.

అయితే శాసనం ఒక్కటే చాలదు. ఆ చట్టం క్రూరత్వానికి మొదటిసారి విధించిన జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయలు మాత్రమే! ఈ జరిమానాతో బండి కింద నలిగిన కుక్క లేచి నడువదు. దానిని ఎత్తుకొని వెళ్లి, పుండు కడిగి, కట్టుకట్టి, రాత్రంతా కాపలా కాసే మనిషి కావాలి. ఈ సంగతి ఆ చట్టమే గుర్తించింది. దాని ప్రకారం 1962లో భారత జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. పింజ్రాపోళ్లకు, జంతు శరణాలయాలకు ధనసహాయం చేసి ప్రోత్సహించడం ఆ మండలి విధులలో ఒకటి. రుక్మిణీదేవి దానికి తొలి అధ్యక్షురాలై, 1986 ఫిబ్రవరి 24న కన్నుమూసే వరకు మార్గదర్శనం చేశారు. జంతుసేవకులను సత్కరించడానికి ఆ మండలి ప్రాణిమిత్ర పురస్కారాన్ని కూడా నెలకొల్పింది.

1977లో ప్రధాని మొరార్జీ దేశాయి రాష్ట్రపతి పదవిని స్వీకరించమని కోరగా ఆమె నిరాకరించారు. ఆ సంవత్సరం ఆ పీఠాన్ని అధిష్ఠించినవారు మన నీలం సంజీవరెడ్డిగారు. ఆమె మాత్రం తన నాట్యశాలకు, తన మూగజీవులకు అంకితమై ఉండిపోయారు.

ఆమె నాటిన విత్తు మన ప్రాంతంలోనూ మొలకెత్తింది. కళాక్షేత్రంలో నాట్యం నేర్చిన నటి అమల అక్కినేని 1992లో హైదరాబాదు బ్లూక్రాస్‌ను స్థాపించారు. ఇటువంటి శరణాలయాలలో పేడ ఎత్తేవారు, గాయాలు కడిగేవారు, కరవవచ్చే కుక్కకు భయపడక మందు వేసేవారు ఎందరో ఉన్నారు. వారి పేర్లు పత్రికలకెక్కవు. బతికిన ప్రాణి కృతజ్ఞత చెప్పలేదు. చనిపోయిన ప్రాణి దుఃఖాన్ని వారే మోయాలి. పైగా వారి పని నీచమని ముఖం తిప్పుకొనేవారూ లేకపోలేదు.

నోరులేని జీవుల తరఫున కృతజ్ఞత చెప్పవలసినవారు నోరున్న మనమే. శరణాలయానికి వెళ్లిన విద్యార్థి కుక్కపిల్లను ముద్దుచేయడంతో సరిపెట్టక, దానికి అన్నం పెట్టిన మనిషిని పేరు అడిగి నమస్కరించాలి, సలాము చేయాలి. మా కళాశాల వార్షికోత్సవ వేదికపై ఒక ఏడాదైనా అట్టి సేవకుని ఒకరిని కూర్చోబెట్టి సత్కరించవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా మనవి చేస్తున్నాము. రుక్మిణీదేవి స్మృతికి అంతకు మించిన పూలమాల లేదని మా విశ్వాసం.